మన కార్డు ఏ సర్కారుది? ఆరోగ్య పథకాల తికమక గురించి తల్లిదండ్రులకు కొన్ని మాటలు



పిల్లల ఫారాలు నింపేటప్పుడు "ఇంటికి ఆరోగ్య పథకం ఏదైనా ఉందా?" అని అడిగితే, చాలామంది "ఉంది సార్, కార్డు ఉంది" అంటారు. ఏ కార్డు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చూపిస్తారు. ఒకరిది ఊరి రేషన్ కార్డు, ఇంకొకరిది ఈ-శ్రమ్ కార్డు, మరొకరిది ఫోనులో ఉన్న ఆభా నంబరు. వీటిలో భివండీలో ఆసుపత్రి బిల్లు కట్టే కార్డు ఏదో సరిగ్గా చెప్పగలిగేవాళ్లు తక్కువ. తప్పు తల్లిదండ్రులది కాదు. మన కుటుంబాలు రెండు రాష్ట్రాల మధ్య బతుకుతున్నాయి. పైన కేంద్ర ప్రభుత్వం ఒకటి. మూడు సర్కార్ల పథకాలు మన ఇంట్లో ఒకే డబ్బాలో, ఒకే ప్లాస్టిక్ కవరులో ఉంటున్నాయి.

అందుకే ఈ వ్యాసం. ఏ కార్డు చేతికి వచ్చినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏ సర్కారుది? ఏ రాష్ట్రంలో చెల్లుతుంది? ఇందులో ఇంట్లో ఎవరెవరి పేర్లు ఉన్నాయి? ఈ మూడింటికి జవాబు తెలిస్తే సగం తికమక పోయినట్టే.

ఊరి పథకం: ఆరోగ్యశ్రీ

మనలో ఎక్కువమంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్, మెదక్ వైపు నుంచి సాంచెల పనికి వచ్చినవాళ్లం. పెద్ద జబ్బు అనగానే మనకు మొదట గుర్తొచ్చే పేరు ఆరోగ్యశ్రీ. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు అది మొదలైంది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయాక పథకం కూడా రెండైంది. తెలంగాణది వేరు, ఆంధ్రప్రదేశ్‌ది వేరు. తెలంగాణలో ఒక కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయలుగా ఉన్న పరిమితిని 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలకు పెంచారు.

మంచి పథకమే. కానీ అది తెలంగాణ ప్రభుత్వం తన రాష్ట్ర కుటుంబాల కోసం నడిపే పథకం. డబ్బు కట్టేది హైదరాబాదులోని ట్రస్టు. ఆ ట్రస్టుతో ఒప్పందం ఉన్న ఆసుపత్రులే ఆ కార్డును ఒప్పుకుంటాయి. భివండీలోనో ఠాణేలోనో ఉన్న ఆసుపత్రికి పోయి ఊరి కార్డు చూపిస్తే పని అవుతుందని లెక్క పెట్టుకోవద్దు.

ఇక్కడి పథకం: మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన

మహారాష్ట్రలో ఇలాంటి పథకమే 2012 జూలైలో 8 జిల్లాల్లో రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ ఆరోగ్య యోజన పేరుతో మొదలైంది. 2013 నవంబరులో రాష్ట్రమంతటికీ విస్తరించింది. 2017లో దానికి మహాత్మా ఫులే పేరు పెట్టారు. మొదట్లో ఏడాదికి కుటుంబానికి 1.5 లక్షల వరకే ఉండేది. 2024 జూలై 1 నుంచి 5 లక్షలు చేశారు. అంతకుముందు పసుపు, కేసరి రేషన్ కార్డుల వాళ్లకే ప్రధానంగా వర్తించేది, ఇప్పుడు తెల్ల కార్డు వాళ్లను కూడా చేర్చారు.

ఇక్కడ ముఖ్యమైన మాట ఒకటే. ఆ రేషన్ కార్డు మహారాష్ట్ర ప్రభుత్వం ఇచ్చినది అయి ఉండాలి. రేషన్ కార్డు లేనివాళ్లకు అధివాస దాఖలా, అంటే డొమిసైల్ సర్టిఫికెట్ ద్వారా ఒక దారి ఉంది. ఆ దాఖలాకు సాధారణంగా మహారాష్ట్రలో 15 ఏళ్ల నివాసం చూపించాలి. ఇరవై ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉన్న మన కుటుంబాలకు నివాసం సమస్య కాదు, దాన్ని చూపించే కాగితం సమస్య. పిల్లల బడి రికార్డులు, కరెంటు బిల్లులు, అద్దె ఒప్పందాలు ఇక్కడే పనికొస్తాయి. పారేయకండి.

కేంద్రం పథకం: ఆయుష్మాన్ భారత్

మూడోది కేంద్ర ప్రభుత్వం 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభించిన ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన. దీన్నే జనం ఆయుష్మాన్ కార్డు అంటారు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షలు. మన రాష్ట్రాల వంటి పెద్ద రాష్ట్రాల్లో ఖర్చులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రం భరిస్తాయి. మహారాష్ట్రలో 2020 ఏప్రిల్ 1 నుంచి ఫులే పథకాన్ని, దీన్ని కలిపి నడుపుతున్నారు. తెలంగాణ 2021లో ఇందులో చేరింది.

దీని గొప్ప సౌకర్యం ఏమిటంటే, రాష్ట్రం దాటినా చెల్లుతుంది. కేంద్రం జాబితాలో పేరున్న తెలంగాణ కుటుంబం మహారాష్ట్రలోని ఆయుష్మాన్ ఆసుపత్రిలో కూడా చికిత్స పొందవచ్చు. కానీ ఒక మెలిక ఉంది. ఈ జాబితా మొదట 2011లో జరిగిన సామాజిక, ఆర్థిక, కుల గణన ఆధారంగా తయారైంది. ఆరోగ్యశ్రీ ఉన్న ప్రతి కుటుంబం అందులో ఉండదు. రాష్ట్రం తన సొంత ఖర్చుతో చేర్చిన కుటుంబానికి రాష్ట్రం దాటితే ఆ హక్కు వెంట రాదు. ఊళ్లో పక్క పక్క ఇళ్లలో ఉన్న అన్నదమ్ముల్లో ఒకరి కార్డు భివండీలో పనిచేసి, ఇంకొకరిది పనిచేయకపోవడానికి కారణం ఇదే.

మీ పేరు కేంద్రం జాబితాలో ఉందో లేదో ఊహించుకోవద్దు. ఆయుష్మాన్ యాప్‌లో ఆధార్ నంబరుతో వెతికితే తెలుస్తుంది. 14555కు ఫోన్ చేసినా చెప్తారు. ఈ కార్డు ఉచితం. కార్డు చేసిపెడతామని వందలు అడిగేవాళ్లకు ఇవ్వకండి, మీ ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

ఇంట్లో 70 ఏళ్లు నిండిన పెద్దవాళ్లుంటే ఇంకో మంచి విషయం. 2024 అక్టోబరు 29 నుంచి వాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. దీనికి వయసు ముఖ్యం. వయసును ఆధార్‌లో చూస్తారు. కాబట్టి ఆధార్‌లో పుట్టిన సంవత్సరం తప్పుగా పడి ఉంటే ముందుగా సరిచేయించండి.

మనల్ని తప్పుదారి పట్టించే మూడు పోలికలు

మొదటిది: "ఊరి కార్డు మీద ఇక్కడ బియ్యం వస్తున్నాయి కదా, మందులు ఎందుకు రావు?" న్యాయమైన ప్రశ్నే. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతి 2019లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2022 నాటికి దేశమంతా వచ్చింది. దాని వల్ల ఆహార భద్రత చట్టం కింద ఉన్న కార్డుకు తిండిగింజలు ఎక్కడైనా తీసుకోవచ్చు. ఎందుకంటే ఆ గింజలు కేంద్రం చట్టం కింద వచ్చేవి. కార్డు ఒకటే అయినా దాని మీద వచ్చే ప్రతి సౌకర్యం ఒకే సర్కారు ఇచ్చేది కాదు. గింజలు వెంట వస్తాయి, ఆరోగ్యశ్రీ వెంట రాదు.

రెండోది: కార్డు రంగు. మన ఊళ్లలో తెల్ల కార్డు అంటే పేదవాళ్ల కార్డు. మహారాష్ట్రలో తిరగబడి ఉంటుంది. ఇక్కడ పసుపు కార్డు అందరికన్నా తక్కువ ఆదాయం వాళ్లది, కేసరి కార్డు ఏడాదికి లక్ష రూపాయల లోపు వాళ్లది, తెల్ల కార్డు లక్ష దాటిన వాళ్లది. కాబట్టి ఆఫీసులో "మాది తెల్ల కార్డు" అని మాత్రమే చెబితే ఎదుటివాళ్లకు వేరే అర్థం పోతుంది. ఏ రాష్ట్రం కార్డో కూడా చెప్పండి.

మూడోది: ఆరోగ్యమిత్ర. పథకం ఉన్న ఆసుపత్రిలో రోగికి సాయం చేయడానికి కూర్చునే మనిషిని తెలంగాణలోనూ, మహారాష్ట్రలోనూ ఆరోగ్యమిత్ర అనే పిలుస్తారు. పేరు ఒకటే, పథకాలు వేరు. ఇక్కడి ఆరోగ్యమిత్ర ఊరి కార్డును చూసి పనికాదంటే, మనల్ని కాదంటున్నాడని అనుకోకండి. "ఆయుష్మాన్ జాబితాలో మా పేరు ఉందేమో చూడండి" అని అడగండి. ఆ ఒక్క మాట చాలాసార్లు దారి చూపిస్తుంది.

ఇవి ఆసుపత్రి బిల్లు కట్టే కార్డులు కావు

ఆభా అనేది 14 అంకెల నంబరు. మన రిపోర్టులు, మందుల చీటీలు కంప్యూటర్లో ఒకచోట పెట్టుకోవడానికి ఇచ్చేది. పూర్తి పేరులో ఆయుష్మాన్ అనే మాట ఉండటంతో చాలామంది దీన్నే 5 లక్షల కార్డు అనుకుంటున్నారు. కాదు. దానితో చికిత్స ఉచితం కాదు.

ఈ-శ్రమ్ 2021 ఆగస్టులో మొదలైంది. అసంఘటిత కార్మికుల వివరాల నమోదు అది. చేయించుకోవడం మంచిదే, కానీ అది ఆసుపత్రి బీమా కాదు. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు కోసుకునే సురక్షా బీమా కూడా ప్రమాదంలో చనిపోతేనో, అంగవైకల్యం వస్తేనో డబ్బు ఇచ్చేది. జ్వరానికో, ఆపరేషన్‌కో ఇవ్వదు.

కార్ఖానా నుంచి రావలసింది: ఈఎస్ఐ

నాలుగో దారి మన పని చోటే ఉంది. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే కార్ఖానాలో నెలకు 21,000 రూపాయల వరకు పగారు ఉన్న కార్మికుడికి ఈఎస్ఐ వర్తిస్తుంది. పగారులో కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే 15,000 పగారు మీద కార్మికుడికి పోయేది దాదాపు 113 రూపాయలు, యజమాని కట్టేది దాదాపు 488 రూపాయలు. దానికి బదులు ఇంటిల్లిపాదికీ వైద్యం, పనికి పోలేని రోజులకు కొంత డబ్బు వస్తాయి. ఇది కేంద్రం చట్టం కిందిది, రేషన్ కార్డు ఏ రాష్ట్రానిదైనా పట్టింపు లేదు.

మన దగ్గర చిక్కు ఏమిటో మీకు తెలుసు. చాలా షెడ్లలో మీటరు లెక్కన కూలి ఇస్తారు, హాజరు పుస్తకంలో పేరు ఉండదు, ఒకే కప్పు కింద సాంచెలు నలుగురి పేరు మీద ఉంటాయి. అయినా అడగడం మన హక్కు. పగారులో ఈఎస్ఐ పేరుతో కోత పడుతుంటే మీ బీమా నంబరు ఏమిటో తప్పక అడిగి రాసుకోండి.

ఒక ఇంటి లెక్క చూద్దాం

విద్యార్థులారా, గణితంలో లెక్క చేసినట్టే ఇది చేయండి. ఒక ఇల్లు ఊహించుకోండి. నాయనమ్మకు 72 ఏళ్లు, పేరు ఊరి కార్డులో ఉంది. నాన్న పేరు కూడా ఊరి కార్డులోనే ఉంది. అమ్మకు, ఇద్దరు పిల్లలకు ఇక్కడి కేసరి కార్డు ఉంది. కేంద్రం పాత జాబితాలో ఈ ఇంటి పేరు లేదు.

ఇప్పుడు అమ్మకో పిల్లలకో ఆపరేషన్ కావలసి వస్తే ఫులే పథకం ఉంది. నాయనమ్మకు వయ వందన కార్డు చేయిస్తే ఇక్కడైనా, ఊళ్లోనైనా చెల్లుతుంది. మరి నాన్న? సంవత్సరంలో పదకొండు నెలలు భివండీలో సాంచె నడిపే మనిషికి ఇక్కడ ఏ పథకమూ లేదు. ఈఎస్ఐ లేకపోతే, గుండెనొప్పి వస్తే ఆయన ఆరోగ్యశ్రీ కోసం బస్సులోనో దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లోనో ఒక రాత్రంతా ప్రయాణం చేయాలి. ఇంటికి సంపాదించే మనిషే గొడుగు బయట ఉన్నాడు. మన బస్తీల్లో ఇలాంటి ఇళ్లు తక్కువేమీ లేవు.

పేరు ఎక్కడ ఉంచాలి?

ఒక మనిషి పేరు రెండు రాష్ట్రాల రేషన్ కార్డుల్లో ఉండకూడదు. ఇక్కడ పేరు ఎక్కించాలంటే ఊళ్లో తీయించి, తీసినట్టు కాగితం తేవాలి. "తీయిస్తే ఊళ్లో సన్నబియ్యం పోతాయి, రేపు ఏ పథకం వచ్చినా మనకు రాదు" అని పెద్దవాళ్లు భయపడతారు. ఆ భయం ఉత్తది కాదు. తెలంగాణలో చాలా సౌకర్యాలు ఆ కార్డుకే ముడిపడి ఉన్నాయి.

ఇది ప్రతి ఇల్లూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం. నా సలహా మాత్రం ఇది: మనిషి ఏడాదిలో ఎక్కువ నెలలు ఎక్కడ ఉంటాడో, జబ్బు కూడా అక్కడే వస్తుంది. ఊళ్లోనే ఉండే అమ్మానాన్నల పేర్లు ఊళ్లో ఉంచండి. ఇక్కడే ఉండి, ఇక్కడే పనిచేసి, పిల్లల్ని ఇక్కడే చదివించేవాళ్ల పేర్లు ఇక్కడికి మార్చుకోవడం గురించి ఆలోచించండి. ఊళ్లో తీయించే ముందు ఇక్కడ రేషనింగ్ ఆఫీసులో ఏయే కాగితాలు కావాలో కనుక్కోండి. అక్కడ తీయించి, ఇక్కడ ఎక్కకపోతే రెండిటికీ చెడ్డ రేవడి అవుతుంది.

ఈ తికమక మనకొక్కరికే కాదు

మన బంధువుల పిల్లలు కొందరు అమెరికాలో ఉన్నారు. అక్కడ కూడా ఇదే గొడవ. 2010లో వచ్చిన చట్టం ప్రకారం సొంతంగా ఆరోగ్య బీమా కొనుక్కునేవాళ్ల కోసం 2013 అక్టోబరులో బీమా బజార్లు తెరిచారు. కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు తమ బజారు తామే పెట్టుకున్నాయి. టెక్సాస్ వంటి రాష్ట్రాలు పెట్టుకోలేదు, అక్కడివాళ్లు కేంద్ర ప్రభుత్వ బజారులో కొనాలి. ఎవరు ఏ బజారుకు పోవాలో తెలియక జనం ఇబ్బంది పడ్డారు. చివరికి, కేంద్రం బజారులో కొన్నవాళ్లకు సర్కారు రాయితీ వర్తిస్తుందా లేదా అన్న ప్రశ్న వాళ్ల సుప్రీంకోర్టు దాకా పోయింది. వర్తిస్తుందని 2015 జూన్‌లో తీర్పు వచ్చింది. చదువు, కంప్యూటరు అన్నీ ఉన్నచోటే అలా జరిగినప్పుడు మనం తికమకపడటంలో సిగ్గుపడవలసింది లేదు. అడగకుండా ఊరుకోవడమే నష్టం.

ఏ కార్డూ అడగని సేవలు

కొన్నిటికి ఏ రాష్ట్రం కార్డు అన్న ప్రశ్నే లేదు. అత్యవసరంలో 108 అంబులెన్సు అక్కడా ఇక్కడా ఒకటే నంబరు. క్షయ, అంటే టీబీకి పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో దేశమంతా ఉచితం, చికిత్స జరిగినన్నాళ్లు పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు కూడా ఇస్తారు. నూలు దుమ్ములో పనిచేసేవాళ్లు రెండు వారాలు దాటిన దగ్గును "దుమ్ము వల్లే" అని వదిలేయకండి.

పిల్లల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. 2013 ఫిబ్రవరిలో మన పక్కనే ఉన్న పాల్ఘర్‌లో దీన్ని ప్రారంభించారు. ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే బడుల పిల్లలను వైద్య బృందం పరీక్షించి, గుండె, చెవి, కంటి లోపాలు ఏమైనా కనిపిస్తే పై ఆసుపత్రికి పంపుతుంది. పరీక్ష రోజున బిడ్డను బడి మాన్పించకండి. బృందం ఇచ్చిన చీటీని దాచకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

ఈ ఆదివారం ఇంట్లో చేయవలసిన పని

పెద్ద తరగతుల పిల్లలు ఈ బాధ్యత తీసుకోవాలి. మరాఠీ, హిందీ, తెలుగు మూడూ చదవగలిగేది ఇంట్లో మీరే.

1. నోటుబుక్కులో ఒక పేజీ తీసుకుని ఇంట్లో అందరి పేర్లు, వయసులు రాయండి.
2. ప్రతి పేరు ఎదురుగా రేషన్ కార్డు ఏ రాష్ట్రానిది, ఏ రంగు అన్నది రాయండి.
3. ఆయుష్మాన్ జాబితాలో పేరు ఉందో లేదో యాప్‌లోనో 14555 ద్వారానో చూసి రాయండి.
4. ఈఎస్ఐ ఉంటే నంబరు రాయండి.
5. ఆధార్‌లో, రేషన్ కార్డులో పేరు ఒకేలా ఉందా చూడండి. ఇంటిపేరు ముందు రాయడం మన పద్ధతి, చివర రాయడం ఇక్కడి పద్ధతి. దీనివల్ల ఒకే మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. తేడా ఉంటే ఇప్పుడే సరిచేయించండి.
6. ఎవరి ఎదురుగా అన్నీ ఖాళీగా ఉన్నాయో ఆ పేరు కింద గీత గీయండి. ముందు పని వాళ్లదే.

ఫులే పథకం వివరాలకు, దగ్గర్లో ఏ ఆసుపత్రులు ఉన్నాయో తెలుసుకోవడానికి 155388కు గానీ, 1800 233 2200కు గానీ ఫోన్ చేయండి. ఆరోగ్యశ్రీ గురించి ఊళ్లో ఉన్నవాళ్లతో 104కు చేయించండి.

ఆసుపత్రిలో గుర్తుంచుకోవలసినవి రెండే. ఈ పథకాలు ప్రధానంగా భర్తీ అయి చేయించుకునే చికిత్సలకు, అదీ జాబితాలో ఉన్న చికిత్సలకు. మామూలుగా డాక్టరుకు చూపించుకుని మందులు రాయించుకోవడానికి కావు. రెండోది, భర్తీ కాగానే, డబ్బు కట్టకముందే ఆరోగ్యమిత్రను కలవండి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం కాగితాల కోసం ఇంటికి పరుగెత్తకండి, ముందు రోగిని ఆసుపత్రికి చేర్చండి.

నోటుబుక్కు పేజీ నింపేటప్పుడు సందేహం వస్తే, బడి పని దినాల్లో సాయంత్రం బడి విడిచాక ఆఫీసుకు రండి. ఫారం చదివి చెప్పడానికి, మరాఠీలో అర్జీ రాసి ఇవ్వడానికి, బోనఫైడ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి మేము ఉన్నాం. కార్డు మంజూరు చేయడం మా చేతిలో లేదు. కానీ ఏ ఆఫీసుకు, ఏ కాగితం పట్టుకుని పోవాలో తెలిసి పోయిన మనిషి ఒట్టి చేతులతో తిరిగి రావడం తక్కువ.

మీ
ప్రధానోపాధ్యాయుడు